ఇంగ్లీష్ పరిగెత్తే చోట తెలుగు నడుస్తుంది: ‘రన్’ అనే చిన్న క్రియకు ఇన్ని అర్థాలెందుకు

క్లుప్తంగా: ‘రన్’ అంటే పరిగెత్తడం అని బళ్లో నేర్చుకున్నది ఆ క్రియకున్న వందల అర్థాల్లో ఒకటి. మిగతావన్నీ పక్కనున్న మాటను బట్టి తేలతాయి. యంత్రం, వ్యాపారం, కాలం దగ్గర ఇంగ్లీష్ ‘రన్’ అంటే తెలుగు ‘నడుచు, నడుపు’ అంటుంది. ద్రవాలకు ‘కారు, పారు’, సినిమాకు ‘ఆడు’, ఎన్నికలకు ‘నిలబడు’ అంటుంది. ‘రన్’కి చెప్పే పర్యాయపదాలు కూడా ఒక్కోటి ఒక్కో అర్థానికే పనికొస్తాయి, ఒకదాని చోట ఇంకోటి పెడితే కుదరదు.

హైదరాబాద్‌లో పొద్దున తొమ్మిదిన్నరకి ఏదో సిగ్నల్ దగ్గర క్యాబ్ అంగుళం కూడా కదలకుండా ఇరుక్కుపోయి ఉంటుంది. లోపల కూర్చున్న ఉద్యోగి ఆఫీసు గ్రూపులో పెట్టే మెసేజ్ మాత్రం ‘రన్నింగ్ లేట్’. బండి ఆగి ఉంది, మనిషి సీట్లో ఉన్నాడు, పరిగెత్తేది ఎవరూ లేరు. అదే మనిషి ఆఫీసుకెళ్లి కోడ్ ‘రన్’ చేస్తాడు, మధ్యాహ్నం పాపకి ‘రన్నింగ్ నోస్’ ఉందని బడి నుంచి ఫోన్ వస్తుంది, సాయంత్రం టీవీ పెడితే ఫలానా నాయకుడు ప్రెసిడెంట్ పదవికి ‘రన్’ చేస్తున్నాడని అమెరికా వార్త. రోజంతా ఒకటే క్రియ. ఒక్కసారి కూడా కాళ్లతో పని పడలేదు.

ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్లకి పెద్ద పెద్ద మాటలు కష్టమని చాలామంది అనుకుంటారు. నిజానికి అవే తేలిక. ‘ఫొటోసింథసిస్’కి ఒకటే అర్థం, ఒకసారి బట్టీ పడితే అయిపోయింది. ఎక్కువ తిప్పలు పెట్టేవి మూడక్షరాల మాటలే: రన్, సెట్, గెట్, పుట్.

645 అన్న లెక్క

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది. అందులో అన్నిటికంటే ఎక్కువ చోటు తిన్న మాట ‘సెట్’. దానికి 430 అర్థాలు, ఉదాహరణలతో కలిపి దాదాపు 60,000 మాటల వివరణ, అంటే ఒక్క మాట గురించే ఓ నవలంత. తర్వాత మూడో కూర్పు కోసం పాత మాటలన్నిటినీ తిరగరాస్తూ వస్తుంటే, 2011 నాటికి ‘రన్’ దాన్ని దాటేసింది. క్రియగా మాత్రమే తీసుకున్నా 645 అర్థాలు తేలాయి. పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడు ఆ ఒక్క మాట మీదే తొమ్మిది నెలలకు పైగా కూర్చున్నారు.

645 అన్నది పోటీ పరీక్షలో బిట్టుగా ఇవ్వడానికి బాగుంటుంది గానీ, దాన్ని పట్టుకుని బెదిరిపోవాల్సిన పనిలేదు. కుళాయి నుంచి నీళ్లు రావడం, ముక్కు నుంచి నీళ్లు కారడం, కొత్త బట్ట నుంచి రంగు దిగడం, ఈ మూడింటికీ ఇంగ్లీష్‌లో ‘రన్’ అంటారు. ఇవి మూడు అర్థాలా, ఒకే అర్థం మూడు చోట్లా? విడగొట్టే అలవాటున్న సంపాదకుడు మూడంటాడు, కలిపే అలవాటున్నాయన ఒకటంటాడు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు విడగొట్టే బాపతు. పైగా ఎప్పుడో వాడుకలోంచి పోయిన అర్థాలను కూడా అది లెక్కలో ఉంచుకుంటుంది. విద్యార్థుల కోసం వేసే చిన్న నిఘంటువుల్లో ఈ సంఖ్య చాలా తగ్గిపోతుంది.

ఇలా అర్థాలు పోగుపడటం ఇంగ్లీష్‌కే వచ్చిన జబ్బు కూడా కాదు. తెలుగులో ‘కొట్టు’ ఉంది. ఈత కొట్టడం, కాపీ కొట్టడం, బోర్ కొట్టడం, వాసన కొట్టడం, పెట్రోల్ కొట్టించడం, డబ్బా కొట్టుకోవడం, ఎవరికో ఫోన్ కొట్టడం. ఇన్నింట్లోనూ ఎవరికీ దెబ్బ తగల్లేదు. తెలుగు నేర్చుకుంటున్న తమిళుడికో, అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లాడికో ‘టీ కొట్టి వద్దాం’ అంటే ఎలా ఉంటుందో, మనకు ‘రన్ ఎ ఫీవర్’ అంటే అలాగే ఉంటుంది. ఏ భాషలోనైనా ఇంతే: పాతవి, పొట్టివి, పొద్దున లేస్తే నోట్లో నలిగేవి అయిన క్రియలే కొత్త పనులన్నిటికీ దొరుకుతాయి. కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ కొత్త క్రియ ఎవరూ పుట్టించరు, చేతికందినదాన్ని తీసి వాడేస్తారు.

ముందు కాళ్లు పోయాయి, తర్వాత వేగం పోయింది

పాత ఇంగ్లీష్‌లో ఈ మాటకు ‘రిన్నన్’ అనే రూపం ఉండేది. అప్పటికే దానికి పరుగు, ప్రవాహం రెండర్థాలూ ఉన్నాయి. చుట్టం వరసైన జర్మన్‌లో ఈ రెండూ విడిపోయి ఇప్పటికీ ఉన్నాయి: ‘రెనెన్’ అంటే పరిగెత్తడం, ‘రినెన్’ అంటే కారడం. ఇంగ్లీష్‌లో రెండూ ఒకే మాటలో ఉండిపోయాయి. అంటే ముక్కు ‘రన్’ అవడం తర్వాతెప్పుడో పుట్టిన చమత్కారం అనుకోనక్కర్లేదు, అది మొదట్నుంచీ ఉన్న అర్థమే.

అక్కణ్నుంచి అర్థం పెరిగిన తీరు చూస్తే, ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో లక్షణం రాలిపోతూ వచ్చింది. మనిషి, కుక్క, గుర్రం పరిగెత్తితే కాళ్లున్నాయి, వేగముంది, కదలికుంది. నీళ్లు పారితే కాళ్లు పోయాయి, కదలిక మిగిలింది. బస్సు గంటకొకటి చొప్పున రెండూళ్ల మధ్య తిరుగుతుంటే వేగంతో కూడా పనిలేదు, డొక్కు బస్సైనా ‘రన్స్’ అనే అంటారు, క్రమం తప్పకుండా తిరుగుతోందా లేదా అన్నదే లెక్క. తర్వాత యంత్రం. మర ఉన్నచోటే ఉంటుంది, లోపల చక్రం తిరుగుతుంది. ఇంగ్లండ్‌లో మిల్లులు, ఆవిరి యంత్రాలు, రైళ్లు వచ్చాక ‘రన్’ అర్థాలు ఎడాపెడా పెరగడానికి ఇదే దారి తెరిచింది. ఆ తర్వాత కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి చక్రం కూడా లేదు. చివరికి కాలం మిగిలింది: నాటకం ఆరు నెలలు ‘రన్’ అయింది, అగ్రిమెంటు మార్చి దాకా ‘రన్’ అవుతుంది. ఇక్కడ కదిలేది ఏదీ లేదు, ఆగకుండా కొనసాగుతోందన్న ఒక్క సంగతే ఉంది.

రోడ్డు సంగతి ఇంకో తమాషా. ‘ది రోడ్ రన్స్ అలాంగ్ ది కెనాల్’ అంటే రోడ్డు కాలవ పక్కనే ఉందని. రోడ్డు కదలదు, చూసేవాడి కన్ను దాని వెంట పోతుంది. భాషాశాస్త్రంలో దీన్ని కల్పిత గమనం లాంటి పేర్లతో పిలుస్తారు. ఇందులో తెలుగువాళ్లకి కొత్త ఏమీ లేదు, ‘ఈ దారి ఎటు పోతుంది?’ అని ఊరు తెలియని ప్రతివాడూ అడుగుతాడు. దానికి ‘దారి ఎక్కడికీ పోదు, ఇక్కడే ఉంటుంది’ అని వెటకారంగా జవాబిచ్చే పెద్దమనిషి కూడా ప్రతి ఊళ్లో ఒకడుంటాడు.

ఇంకొక ముఖ్యమైన మార్పు వ్యాకరణంలో జరిగింది. తానుగా జరగడానికీ, ఇంకొకరు జరిపించడానికీ పాత ఇంగ్లీష్‌లో రెండు వేరు క్రియలుండేవి. కాలక్రమంలో అవి ఒకటైపోయాయి. అందుకే ‘ది మెషిన్ రన్స్’ అన్నా, ‘షి రన్స్ ది మెషిన్’ అన్నా క్రియ అదే. తెలుగులో ఈ తేడా చెక్కుచెదరకుండా ఉంది: బండి నడుస్తుంది, డ్రైవర్ నడుపుతాడు, నీళ్లు పారతాయి, రైతు పారిస్తాడు. ఇంగ్లీష్‌లో ఆ తేడా తెలియాలంటే క్రియ తర్వాత కర్మ ఉందో లేదో చూసుకోవడం ఒక్కటే దారి.

తెలుగు నడకతోనే సరిపెడుతుంది

పరిగెత్తడం దగ్గర మొదలైన ఇంగ్లీష్ ఎక్కడెక్కడికి వెళ్లిందో, దాదాపు ఆ ఊళ్లన్నీ తెలుగు నడుచుకుంటూనే చేరుకుంది. కిరాణా కొట్టు నడుస్తుంది. సంసారం నడుస్తుంది. కోర్టులో కేసు నడుస్తుంది, ఏళ్ల తరబడి నడుస్తుంది. ఇప్పుడు ఏ నెల నడుస్తోంది అంటాం, ఫలానా ఫ్యాషన్ నడుస్తోంది అంటాం, జాతకం చూపించుకుంటే ఏలినాటి శని నడుస్తోందని చెబుతారు. వీటిలో చాలావాటికి ఇంగ్లీష్‌లో ‘రన్’ పెట్టొచ్చు. శనికి మాత్రం కుదరదేమో.

హిందీలోనూ ఇంతే, దుకాణమైనా ప్రభుత్వమైనా ‘చల్ రహీ’ పద్ధతే, నడపడానికి ‘చలానా’. ఫ్రెంచ్‌వాళ్లు కూడా యంత్రం బాగానే పనిచేస్తోందని చెప్పడానికి ‘సా మార్ష్’ అంటారు, అక్షరాలా ‘నడుస్తోంది’ అని. కాబట్టి వింతగా ఉన్నది తెలుగు కాదు, యంత్రాన్ని పరిగెత్తించే ఇంగ్లీషే.

తెలుగులో పరుగు ఎందుకిలా విస్తరించలేదు అంటే, ఆ మాటకు హడావిడి వాసన అంటుకుని ఉండటం ఒక కారణం కావచ్చు. ధరలు పరుగులు పెడుతున్నాయి అంటే సంతోషపడేవాళ్లు ఎవరూ ఉండరు. అధికారులను పరుగులు పెట్టించారంటే అక్కడేదో గొడవ జరిగిందనే. పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్న సామెత ఉండనే ఉంది. ‘హి రన్స్ ఎ స్కూల్’ అన్నప్పుడు ఇంగ్లీష్ చెవికి ఈ కంగారు ఏదీ వినపడదు, స్కూలు ఆయన చేతిలో ఉందనే వినపడుతుంది. ‘ఆయన స్కూలుని పరిగెత్తిస్తున్నాడు’ అంటే మాత్రం తెలుగులో అర్థం ఎటో పోతుంది.

అయితే నడక కూడా అన్నిచోట్లా పనికిరాదు. ఫ్యాన్ తిరుగుతుంది. ముక్కు కారుతుంది. కాలవ పారుతుంది. సినిమా వంద రోజులు ఆడుతుంది, తెలంగాణలో నడుస్తుంది కూడా. ఒంట్లో జ్వరం కాస్తుంది. బట్ట నుంచి రంగు దిగుతుంది లేదా పోతుంది. బావి ఎండిపోతుంది, దానికి ఇంగ్లీష్‌లో ‘రన్ డ్రై’ అంటే అక్కడ ‘రన్’ చేసే పని ‘అవడం’ మాత్రమే. ఒక్క ‘రన్’కి ఎదురుగా తెలుగు ఏడెనిమిది క్రియలు నిలబెడుతుంది. దీన్ని భాషలో సంపద అనీ అనొచ్చు, అనువాదకుడికి పని పెరగడమనీ అనొచ్చు. యంత్రంతో అనువాదం చేయించేవాళ్లు ముఖ్యంగా ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. పొడవైన వాక్యమైతే పక్క మాటల్ని బట్టి అర్థం పట్టుకోవచ్చు గానీ, ఏ మెనూ బటన్ మీదో ఒంటరిగా ఉన్న ‘రన్’ని ‘పరుగు’ అని దించేస్తే నొక్కేవాడికి ఏమీ అర్థం కాదు.

ఇక మామూలుగా కాళ్లతో పరిగెత్తడానికి కూడా తెలుగులో అందరిదీ ఒకే మాట కాదు. కోస్తాలో పరిగెత్తితే తెలంగాణలో ఉరుకుతారు. ‘ఉరుకు’ అంటే ఇంకొన్ని చోట్ల దూకడం అనే అర్థం.

పర్యాయపదాలతో చిక్కు

పీటర్ మార్క్ రోజే అనే వైద్యుడు ఇంగ్లీష్ మాటల్ని భావాల వారీగా గుంపులు కట్టి థెసారస్ అచ్చు వేసింది 1852లో. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీష్ నిఘంటువు వచ్చింది కూడా అదే ఏడు. రోజే గుంపులు కట్టింది ఒక మాట అందనప్పుడు దగ్గరి మాటలు గుర్తు చేయడానికి. బళ్లల్లో మాత్రం దాన్ని ఈ మాటకు ఆ మాట సమానం అన్న గణితంగా మార్చేశారు. ‘రన్’కి ‘స్ప్రింట్, ఆపరేట్, ఫ్లో, మేనేజ్, కాంటెస్ట్’ అని వరసగా రాసిస్తారు. ఈ అయిదింటికీ తమలో తమకి ఏ చుట్టరికమూ లేదు, ‘రన్’ ఒక్కటే అందరికీ చుట్టం.

కాళ్ల పరుగులో తేడాలు వేగానికీ కారణానికీ సంబంధించినవి. ‘స్ప్రింట్’ అంటే కొద్ది దూరం ఉన్న శక్తంతా పెట్టి. ‘జాగ్’ అంటే పొద్దున పార్కులో నింపాదిగా. ‘డాష్’లో ఒక్కసారిగా దూసుకుపోవడం ఉంది, ‘బోల్ట్’లో బెదురు ఉంది, గుర్రం కళ్లెం తెంచుకున్నట్టు. ‘ఫ్లీ’ అంటే ప్రాణభయంతో పారిపోవడం, నడుచుకుంటూ సరిహద్దు దాటినా ‘ఫ్లీ’ అనొచ్చు.

యంత్రాల దగ్గర ‘వర్క్’కీ ‘రన్’కీ తేడా ఎక్కువమంది పట్టించుకోరు. ‘ది ఫ్యాన్ ఈజ్ వర్కింగ్’ అంటే ఫ్యాన్ పాడవలేదు, బాగానే ఉంది అని ఎక్కువగా వస్తుంది, ఆ క్షణాన స్విచ్ వేసి లేకపోయినా ఆ మాట అనొచ్చు. ‘ది ఫ్యాన్ ఈజ్ రన్నింగ్’ అంటే ఇప్పుడు తిరుగుతోంది అని. తెలుగులో ‘పనిచేస్తోంది’, ‘తిరుగుతోంది’ అనే మాటలకు ఉన్న తేడానే ఇది, కాబట్టి తెలుగులో ఒకసారి అనుకుని చూసుకుంటే తప్పు పోదు. ‘ఆపరేట్’ అంటే మీటలు, బటన్లు పట్టుకుని ఒక మనిషి నడిపించడం గుర్తొస్తుంది, క్రేన్ ఆపరేట్ చేస్తారు. ‘ఫంక్షన్’ కాస్త కాగితం మీది మాట.

వ్యాపారం దగ్గర ఇంకా సన్నటి తేడాలున్నాయి. ఒకావిడ టిఫిన్ సెంటర్ ‘రన్స్’ అంటే పొద్దున నాలుగింటికి పిండి చూసుకోవడం నుంచి రాత్రి గల్లా లెక్క దాకా ఆవిడే, అది ఆవిడదే అయ్యుంటుందని కూడా వినేవాళ్లు అనుకుంటారు. ‘మేనేజెస్’ అంటే ఓనరు ఇంకెవరో ఉండి ఆవిడ మేనేజరేమో అన్న అనుమానం వస్తుంది. ‘అడ్మినిస్టర్’ అంటే ప్రభుత్వ ఆఫీసు, ట్రస్టు, పెద్ద సంస్థ. టిఫిన్ సెంటర్‌ని ‘అడ్మినిస్టర్’ చేస్తున్నానంటే ఇడ్లీ చల్లారిపోతుంది. అన్నట్టు మనవాళ్లు ‘మేనేజ్ చేశాను’ అనే మాటకు ఇంగ్లీష్‌వాళ్లు ఊహించనంత లోతు తెచ్చారు. నెలాఖర్లో ఇల్లు గడపడం నుంచి ఏదో ఆఫీసులో ఫైలు కదిలించడం దాకా అన్నీ అందులోకే వస్తాయి.

ఈ తేడాలకు మూలం మాటల పుట్టుకలో ఉంది. ‘రన్’, ‘ఫ్లో’, ‘వర్క్’ అచ్చమైన ఇంగ్లీష్ మాటలు. ‘ఆపరేట్’, ‘అడ్మినిస్టర్’, ‘ఫంక్షన్’ లాంటివి లాటిన్, ఫ్రెంచ్ వైపు నుంచి దిగినవి. దిగినవాటి అర్థం ఇరుకు, హోదా ఎక్కువ. తెలుగులో అచ్చతెలుగు మాటకూ సంస్కృతం మాటకూ ఉన్న సంబంధం సరిగ్గా ఇదే. ఇంటి పక్కాయన హోటల్ ‘నడుపుతున్నాడు’, పేపర్లో మాత్రం హోటల్ ‘నిర్వహిస్తున్నారు’. కాలవ ‘పారుతుంది’, పాఠ్యపుస్తకంలో నది ‘ప్రవహిస్తుంది’. ‘నడుపు’ అంటే ‘నిర్వహించు’ అని నిఘంటువు చెప్పినంత మాత్రాన సైకిల్ ‘నిర్వహించాడు’ అని ఎవరూ అనరు కదా. ‘రన్’, ‘అడ్మినిస్టర్’ల మధ్య ఉన్నది కూడా అలాంటి దూరమే. తెలుగు బాగా తెలిసినవాళ్లకి ఈ కిటుకు ఎవరూ చెప్పకపోవడం వల్లే పర్యాయపదాలు బరువుగా కనిపిస్తాయి.

వెనకొచ్చే చిన్న మాట

‘రన్’ వెనక ‘అవుట్’, ‘ఇంటు’, ‘ఓవర్’, ‘అప్’ లాంటివి చేరితే అది దాదాపు కొత్త క్రియ. ఇవన్నీ చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది, ఎక్కువ తికమక పెట్టే కొన్ని చాలు.

‘వియ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్’. తెలుగులో పాలు అయిపోయాయి. తెలుగు వాక్యంలో కర్త పాలు. ఇంగ్లీష్‌లో కర్త మనుషులు, పాలు వెనక సీట్లోకి వెళ్లాయి. తెలుగులో ఆలోచించి ఇంగ్లీష్‌లో చెప్పేవాళ్లు ‘మిల్క్ ఈజ్ కంప్లీటెడ్’ అనేది అందుకే, కర్తను మార్చాలని తట్టదు. పాలనే కర్తగా ఉంచాలంటే ‘ది మిల్క్ హాజ్ రన్ అవుట్’ అనే దారి కూడా ఉంది.

‘రన్ ఇంటు’కి రెండర్థాలు: అనుకోకుండా ఎదురుపడటం, గుద్దుకోవడం. పాత ఫ్రెండ్‌ని ‘రన్ ఇంటు’ అయితే కబుర్లు, గోడని ‘రన్ ఇంటు’ అయితే బొప్పి. వినడానికి వింతగా ఉన్నా తెలుగులో ‘తగులు’ అచ్చంగా ఇదే చేస్తోంది. ‘నిన్న బజార్లో మన రాంబాబు తగిలాడు’ అంటే దెబ్బ తగిలిందా అని ఎవరూ అడగరు.

‘రన్ ఓవర్’ అంటే బండి మీదనుంచి పోవడం, కానీ మీటింగ్ ‘రన్ ఓవర్’ అయిందంటే అనుకున్న టైమ్ దాటిందని. ‘రన్ అప్ ఎ బిల్’ అంటే కొట్లో ఖాతా పెంచుకుంటూ పోవడం. ‘రన్ డౌన్’ అంటే బ్యాటరీ దిగిపోవడం, ఒక మనిషిని పదిమందిలో తీసిపారేసి మాట్లాడటం కూడా. ఆఫీసుల్లో ‘లెట్ మి రన్ దిస్ బై యూ’ బాగా వినిపిస్తుంది, ఇందులో పరుగూ లేదు ఆర్డరూ లేదు, ‘ఒక మాట మీ చెవిన వేస్తున్నా, ఎలా ఉందో చెప్పండి’ అని.

పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది మాత్రం అర్థాల వల్ల కాదు, రూపం వల్ల. రన్, రాన్, రన్. మూడో రూపం మళ్లీ మొదటిదే. ‘హాజ్ రాన్’, ‘హాడ్ రాన్’ తప్పు. ‘హాజ్ రన్’, ‘హాడ్ రన్’ ఒప్పు.

నిలబడేవాళ్లు, పరిగెత్తేవాళ్లు

ఎన్నికల దగ్గర ఇంగ్లీషే రెండుగా చీలింది. అమెరికాలో అభ్యర్థి ‘రన్స్’, బ్రిటన్‌లో అభ్యర్థి ‘స్టాండ్స్’. పని ఒకటే, ఒకడు పరిగెడుతున్నాడు, ఇంకొకడు నిలబడ్డాడు. తెలుగులో ‘ఈసారి ఎవరు నిలబడుతున్నారు?’ అని అడగడం బ్రిటిష్ పద్ధతికి దగ్గరగా ఉంది. ‘బరిలో దిగాడు’ అన్నది మాత్రం మన సొంతం, కోడి పందేలకో కుస్తీకో గీసే బరి అది. భారతీయ ఇంగ్లీష్ ఈ రెండూ కాకుండా ‘కాంటెస్ట్’ పట్టుకుంది.

అమెరికా వాడుకలోంచే ‘రన్నింగ్ మేట్’ వచ్చింది. ముందు అది గుర్రప్పందేల మాట, ఒకే యజమాని తన ముఖ్యమైన గుర్రానికి జోడీగా పందెంలో దింపే రెండో గుర్రం. తర్వాత ప్రెసిడెంట్ అభ్యర్థితో కలిసి పోటీ చేసే ఉపాధ్యక్ష అభ్యర్థికి పేరైంది. 2024 జులైలో డొనాల్డ్ ట్రంప్ తన రన్నింగ్ మేట్‌గా జె.డి. వాన్స్‌ని ప్రకటించినప్పుడు, ఆయన భార్య ఉషా వాన్స్ కుటుంబం మూలాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉండటంతో తెలుగు వార్తల్లో ఈ మాట గట్టిగానే తిరిగింది. ‘ఉపాధ్యక్ష అభ్యర్థి’ అంటే సరిపోతుంది, తోడు పరిగెత్తేవాడని రాయాల్సిన అవసరం లేదు.

బ్యాంకుల వార్తల్లో ‘బ్యాంక్ రన్’ ఉంది. బ్యాంకు మునుగుతుందని భయపడి ఖాతాదారులంతా ఒకేసారి డబ్బు తీసుకోవడానికి ఎగబడటం. పూర్వం నిజంగానే జనం కౌంటర్ల దగ్గరికి పరుగులు పెట్టేవాళ్లు. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోవడానికి ప్రయత్నించినవాళ్లలో చాలామంది ఇంట్లోనో ఆఫీసులోనో కూర్చుని ఫోన్లు, కంప్యూటర్లు నొక్కినవాళ్లే. మర్నాడు ఆ బ్యాంకు మూతపడింది. ఇక్కడ కూడా కాళ్లు పోయాయి, మాట మిగిలింది.

‘రన్’ని మాటకు మాట ‘పరుగు’ అని తెలుగు చేస్తే నిలబడిపోయిన చోటు ఒకటుంది, అది క్రికెట్. 22 గజాల పిచ్ మీద ఇద్దరు బ్యాటర్లు అటూ ఇటూ పరిగెడితే ఒక పరుగు, ఇంతవరకు న్యాయమే. బంతి గాల్లో తేలి బౌండరీ అవతల పడితే ఎవరూ అడుగు కదపక్కర్లేదు, అప్పుడు మాత్రం ఆరు పరుగులు. రనౌట్‌ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, అది రనౌట్‌గానే ఉంది.

మేస్త్రీ నోట్లో ‘రన్నింగ్’

ఇంగ్లీష్ రాని వాళ్ల నోట్లో ‘రన్నింగ్’ ఎంత కచ్చితంగా ఉంటుందో చూడాలంటే ఇల్లు కట్టే చోటికి వెళ్లాలి. ఫ్లోరింగ్ టైల్స్ వేయడానికి మేస్త్రీ చదరపు అడుక్కి ఇంత అని చెబుతాడు. అదే గోడ అంచున వేసే స్కర్టింగ్‌కి, వంటింటి గ్రానైట్ బండ అంచు గుండ్రంగా తీసి పాలిష్ పెట్టడానికి ‘రన్నింగ్ ఫీట్‌కి ఇంత’ అంటాడు. వెడల్పుతో సంబంధం లేకుండా పొడవు మాత్రమే కొలిచే అడుగు అది. టేపు ఒక మూల పట్టుకుని గోడ వెంట నడుచుకుంటూ వెళ్లి, మూల తిరిగి, తలుపు దగ్గర ఆపి, ‘నలభై రెండు రన్నింగ్’ అని కేకేస్తాడు. రోడ్డు కాలవ వెంట ‘రన్’ అవుతుందన్న అర్థం నిఘంటువులో చదివి మర్చిపోయినవాళ్లు చాలామంది ఉంటారు. మేస్త్రీ దాన్ని టేపుతో కొలిచి డబ్బులు తీసుకుంటున్నాడు. కాంట్రాక్టర్ల దగ్గర ‘రన్నింగ్ బిల్లు’ ఉంటుంది, పని పూర్తవకముందే జరిగినంత పనికి మధ్యమధ్యలో పెట్టే బిల్లు. అక్కడ ‘రన్నింగ్’ అంటే ఇంకా నడుస్తున్నది అని.

రైల్వేలో ఇంకో లోకం. లోకో పైలట్లు, అసిస్టెంట్ లోకో పైలట్లు, 2022 నుంచి ట్రైన్ మేనేజర్లని పిలుస్తున్న గార్డులు, వీళ్లంతా ‘రన్నింగ్ స్టాఫ్’. బండితో పాటు తిరిగే సిబ్బంది కాబట్టి ఆ పేరు. వాళ్లకి కిలోమీటర్ల లెక్కన వచ్చేది ‘రన్నింగ్ అలవెన్స్’. విజయవాడ, కాజీపేట లాంటి జంక్షన్లలో డ్యూటీ దిగాక వాళ్లు పడుకునే చోటు ‘రన్నింగ్ రూమ్’. కర్టెన్లు దించి, పగలు కూడా చీకటి చేసుకుని, తర్వాతి బండి పిలుపు వచ్చేదాకా మనుషులు నిద్రపోయే గది అది. పేరులో పరుగు, లోపల గుర్రు.

ముక్కు కారడాన్ని మనం ‘రన్నింగ్ నోస్’ అంటే లండన్, న్యూయార్క్‌లలో ‘రన్నీ నోస్’ అంటారు. మన రూపం భారతీయ ఇంగ్లీష్‌లో బాగా స్థిరపడిపోయింది, డాక్టరుకి అర్థమవకపోవడం అంటూ ఉండదు. స్కూలు స్పోర్ట్స్ డేలో ‘రన్నింగ్ రేస్’ కూడా అంతే, బయటివాళ్లు ‘రేస్’ అని ఊరుకుంటారు.

తెలుగులోకి దిగిన ‘రన్’

తెలుగువాళ్లు ‘రన్’ని అప్పు తెచ్చుకున్నప్పుడు మొత్తం తెచ్చుకోలేదు. ‘బిజినెస్ రన్ చేస్తున్నాడు’, ‘సర్వర్ రన్ అవుతోంది’, ‘ఇంజిన్ రన్నింగ్‌లో ఉంది’, ‘సినిమా బాగా రన్ అయింది’ అంటాం. కుక్క మాత్రం ‘రన్ అవదు’, అది పరిగెడుతుంది లేదా ఉరుకుతుంది. ముక్కు ‘రన్ అవుతోంది’ అనరు. కాలవకూ అంతే. అంటే తెలుగులోకి వచ్చిన ‘రన్’లో యంత్రం, వ్యాపారం, ప్రోగ్రామ్, ప్రదర్శన ఉన్నాయి. కాళ్లకూ నీళ్లకూ తెలుగులో ముందే గట్టి మాటలున్నాయి కాబట్టి అటువైపు అప్పు అవసరం పడలేదు. పొద్దున పార్కుకి వెళ్లేవాళ్లు ‘రన్నింగ్ చేస్తున్నా’ అంటారు, అక్కడ అది ఒక వ్యాయామం పేరు, జిమ్ లాగా.

తెచ్చుకున్నది కూడా ఉన్నదున్నట్టు ఉంచలేదు. ఇంగ్లీష్ కొన్ని వందల ఏళ్ల కింద పోగొట్టుకున్న తేడాను తెలుగు రెండు చిన్న మాటలతో తిరిగి అతికించింది: తానుగా జరిగితే ‘రన్ అవు’, ఒకరు జరిపిస్తే ‘రన్ చేయు’. ‘ప్రోగ్రామ్ రన్ అవట్లేదు’ అని ఒకడంటే ‘నువ్వు రన్ చేశావా అసలు?’ అని రెండోవాడు అడుగుతాడు. ఆ తేడా ఇంగ్లీష్ వాక్యంలో కర్మ ఎక్కడుందో వెతుక్కుంటే గానీ తేలదు.